రెండు పెరళ్ళ నడుమ సొరబుర్రలు

పీత డిప్పను బొటనవేలితో ఎత్తి తొట్టిలోకి విసిరింది వెర్డెల్లా. కత్తిమొనతో మొప్పలు గీకేసి, కాళ్ళ మొదళ్ళు ఒక్క కోతలో తెగ్గొట్టి, వెనక కాలి గూట్లో ఉన్న తెల్లటి కండముద్దను విరగకుండా లాగి డబ్బాలో వేసింది. చెయ్యి ఆగకుండానే ఇంకో పీతను అందుకుంది. కళ్ళు మాత్రం బల్ల మీద లేవు. ఎదురుగా ఉన్న కిటికీలోంచి రేవు కనిపిస్తుంది. రేవు చివర కొయ్యగుంజ మీద తెల్లతల గద్ద ఒకటి వచ్చి వాలింది. పీతల చెత్త ఎత్తిపోసే చోటు అక్కడికి దగ్గరే.

"దోన్యా, మీ చుట్టం వచ్చింది," అంది పక్క పీట మీద కూర్చున్న నెరెయిదా. ఏటా వసంతంలో మెక్సికో నుంచి వచ్చి, చలి ముదిరాక వెళ్ళిపోయే ఆడవాళ్ళలో ఆమె ఒకతె. పెద్దవాళ్ళని వాళ్ళూళ్ళో అలాగే పిలుస్తారట. పేరు పెట్టి పిలవమని వెర్డెల్లా మొదట్లో చెప్పి చూసి, తర్వాత మానుకుంది.

"చూశాలే."

"మా జెండా మీదా గద్దే ఉంటుంది. అది పామును పట్టుకుని రాజులా ఉంటుంది. మీది చూడబోతే పీత తొక్కలు ఏరుకుంటోంది."

"ప్రభుత్వ ముద్రల మీద మాదీ బాగానే కూర్చుంటుంది. ఆకలేస్తే ఎవరైనా ఒకటే."

నెరెయిదా నవ్వి కత్తిని తొడకి తుడుచుకుంది. "మీ ఇంటి వెనక గద్దల జంట సంగతేంటి? పిల్ల ఎగిరిందా?"

"గూటి అంచున నిలబడి రెక్కలు కొట్టుకుంటోంది. నేడో రేపో."

"మీ పెరట్లో చిన్న పిట్టల్ని తినేస్తుందేమో చూసుకోండి."

"అవేమన్నా కోడిపిల్లలా. గద్ద కనిపిస్తే చాలు, వీపు మీదెక్కి పొడుస్తాయి. ఏరు దాటేదాకా వదలవు."

వెర్డెల్లా మొదటిసారి ఈ పీతల షెడ్డులోకి వచ్చినప్పుడు బల్ల అందక చెక్కపెట్టె మీద నిలబడి పని చేసింది. పక్కన తల్లి, తల్లి పక్కన మేనత్త. అప్పట్లో బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళంతా నల్లవాళ్ళే, అందరిదీ ఒకటే చర్చి. ఆ చివర ఎవరో ఒకామె పాట ఎత్తుకుంటే ఈ చివరిదాకా అందుకునేవారు. కత్తులు కూడా ఆ పాట ఊపులోనే ఆడేవి. ఇప్పుడు వాళ్ళలో వెర్డెల్లా ఒక్కతే మిగిలింది. షెడ్డులో రేడియో మోగుతుంటుంది. ఆ స్పానిష్ మాటలు ఆమెకు అర్థం కావు కానీ ఏ పాటలో ఎక్కడ ఏడుస్తారో తెలిసిపోయింది.

మధ్యలో ఒక పెళ్ళి కూడా అయింది. ఆ మనిషి బాల్టిమోర్‌లో ఓడలు కట్టే చోట పనికి కుదిరి, మొదట్లో వారం వారం, తర్వాత నెలకోసారి వచ్చేవాడు. తర్వాత రావడం మానేశాడు. ఆమె వెతుక్కుంటూ వెళ్ళలేదు. అన్న రోస్కో తన ఇంటి పక్కనే చిన్న చెక్క ఇల్లు కట్టి, తాళం చేతిలో పెట్టి, "పెరడు ఒకటే, కంచె వెయ్యను," అన్నాడు. అప్పటినుంచి ఆమె అందులోనే ఉంది. ఎండాకాలం పీతలు, చలికాలం ఆల్చిప్పలు ఒలిచే పని. ఆదివారం చర్చి. చేతివేళ్ళ కణుపులు ఉబ్బాయి. నిమ్మచెక్కతో రుద్దినా, వెనిగర్‌తో కడిగినా పీత వాసన పోదు. పోవాలని ఆమె కూడా ఇప్పుడు కోరుకోవడం లేదు.

మధ్యాహ్నం పని దిగాక కారెక్కి ఇంటిదారి పట్టింది. పోటు వేళ రోడ్డు మీదికి నీళ్ళొస్తాయి. ఇవాళ పాటు కనుక దారి పొడిగానే ఉంది. రెండు పక్కలా బోదగడ్డి, గడ్డి మధ్యలో ఉప్పునీళ్ళు తాగి చచ్చిన పైన్ చెట్లు. బెరడు రాలిపోయి బూడిదరంగు కర్రల్లా నిలబడ్డాయి. ఆమె చిన్నప్పుడు అక్కడ అడవి ఉండేది, నీడ ఉండేది. చెట్లు ఎండాక గద్దలకి మాత్రం సుఖమైంది. ఎక్కడ కూర్చున్నా ఊరంతా కనిపిస్తుంది.

ఆమె పెరటికీ, అన్న పెరటికీ సరిగ్గా నడుమ ఒక స్తంభం ఉంది. దాని తలమీద అడ్డకర్ర, అడ్డకర్రకు వరసగా వేలాడే సొరబుర్రలు. ఒక్కో బుర్రకీ కోడిగుడ్డు దూరేంత కన్నం. ఆ బుర్రల్లో మార్టిన్ పిట్టలు కాపురముంటాయి. మగపిట్ట నల్లగా ఉండి, ఎండ పడితే నీలంగా మెరుస్తుంది. ఆడది కాస్త మాసినట్టుంటుంది. చలికాలమంతా ఎక్కడో బ్రెజిల్‌లో గడిపి, మార్చి సగం గడిచేసరికి సముద్రాలు దాటి ఈ పెరట్లోకే వచ్చి వాలతాయి. మనిషి కట్టిన గూట్లో తప్ప ఈ వైపు ఇంకెక్కడా పిల్లల్ని పెట్టవు. వెర్డెల్లా తల్లి కోళ్ళ కోసం బుర్రలు కట్టేది. మార్టిన్లున్న పెరట్లోకి డేగలూ కాకులూ దిగడానికి జంకుతాయి. తర్వాత కోళ్ళు పోయాయి, బుర్రలు ఉండిపోయాయి. రోస్కో పెరటి చివరి దడి పక్కన సొరపాదు పెట్టి, కాయలు ఎండబెట్టి, కన్నాలు తొలిచి, తెల్లరంగు వేసి వేలాడదీసేవాడు.

రోస్కోకి గద్దలంటే కూడా పిచ్చే. అతని చిన్నతనంలో ఈ అఖాతంలో తెల్లతల గద్ద కనిపించడమే అరుదు. పొలాల్లో చల్లిన మందు నీళ్ళలోకి, చేపల్లోకి చేరి గుడ్ల పెంకులు పలచబడి, పొదిగే తల్లి బరువుకే పగిలిపోయేవట. మీసాలు నెరిసే వయసులో ఒకనాడు తన ఆల్చిప్పల పడవకి కాస్త ఎత్తున ఒక గద్ద ఎగురుతుంటే, అతను ఇంజను ఆపేసి, గాలి ఎటు తోస్తే అటు పోతూ చూస్తూ ఉండిపోయాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర పెళ్ళానికీ చెల్లెలికీ ఆ సంగతి చెప్పి, మళ్ళీ చెప్పి, కూర చల్లారబెట్టాడు. తర్వాత్తర్వాత గద్దలు పెరిగాయి. ఎవరికి కనిపించినా రెండో ఇంటివైపు తిరిగి కేకేసేవారు. వెర్డెల్లా కేకేస్తే చేతుల పిండి తుడుచుకోకుండానే పరిగెత్తుకొచ్చేది వదిన అయోలా.

రోస్కో పోయాక కేకలు ఆగిపోయాయి.

అతను మార్చి నెల మొదట్లో ఒక పొద్దున పోయాడు. వెర్డెల్లా అప్పుడు ఆల్చిప్పలు ఒలిచే చోట ఉంది. అక్కడ గోడకి ఫోనుంది. అయోలా ఫోను చెయ్యలేదు. సాయంత్రం వెర్డెల్లా కారు దిగేసరికి శవాన్ని తీసుకెళ్ళే బండి వాకిట్లో ఉంది. చర్చిలో సమాధి భోజనాల దగ్గర అందరూ వినేలా, "మా అన్న ఆఖరి చూపు నాకు దక్కనివ్వలేదు నువ్వు," అంది వెర్డెల్లా. అయోలా చేతిలో ఉన్న పళ్ళెం కింద పెట్టి, బయటికి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు పోయాక వెర్డెల్లా అన్న గుర్తుగా అతని పట్టకారు అడిగింది. నీటి అడుగునుంచి ఆల్చిప్పలు ఎత్తే జంటకర్రల పట్టకారు అది. మనిషికి రెండింతల పొడుగు. "ఆయనవి ఏవీ ఈ గడప దాటవు," అంది అయోలా. అంతే. కంచె ఎవరూ వెయ్యలేదు కానీ స్తంభమే కంచె అయింది. అటు గడ్డి ఆవిడ కోసేది, ఇటు గడ్డి ఈమె కోసేది.

అయినా స్తంభం మీది అడ్డకర్రను దించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఏటా ఫిబ్రవరిలో మంచి ఎండ కాసిన రోజు చూసి, చెప్పుకోకుండానే ఇద్దరూ బయటికి వచ్చేవారు. ఒకరు తాడు వదిలితే ఇంకొకరు బుర్రలు విప్పేవారు. పాత గూళ్ళు దులిపి, కడిగి, మళ్ళీ కట్టి ఎత్తేవారు. "దించు." "పట్టుకో." "చాలు." ఏడాది మొత్తానికి వదినా ఆడపడుచుల మధ్య నడిచిన మాటలు దాదాపు ఇవే. పిట్టలు మాత్రం ఏ ఏడూ రాకుండా ఉండలేదు.

ఈ చలికాలం ఏటికి అవతల, ఇంకా పచ్చగా మిగిలిన ఒక్క పైన్ చెట్టు కొమ్మల్లో గద్దల జంట పుల్లలు చేర్చడం మొదలుపెట్టింది. వెర్డెల్లా వంటింటి కిటికీలోంచి చూసింది. అవతలి ఇంటి వంటింట్లో కూడా తెర అంచు కాస్త లేచి ఉండడం కనిపించింది. చేతిలో గిన్నె కింద పెట్టి, కేకేద్దామా అనుకుని, కుళాయి తిప్పుకుంది.

ఇవాళ కారు ఇంటి మలుపు తిరగగానే ఏదో తేడాగా అనిపించింది. ఆకాశంలో మార్టిన్లు చుట్టూ చుట్టూ తిరుగుతున్నాయి. గొంతులు పగిలేలా అరుస్తున్నాయి. కింద ఉండాల్సిన తెల్లటి బుర్రల వరస లేదు. స్తంభం ఉంది. దాని తలమీద అడ్డకర్ర ఒక పక్కకి విరిగి, తాడుకి వేలాడుతోంది. గడ్డిలో బుర్రలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. అయోలా ఇంట్లో వేసుకునే పూల గౌనుతోనే మోకాళ్ళ మీద కూర్చుని, గౌను కుచ్చెళ్ళలోకి ఏవో ఏరుతోంది.

"అక్కడే ఆగు," అంది తలెత్తకుండా. "కాలి కింద చూసుకో. పిల్లలు."

ఈకలు సగం మొలిచిన పిల్లలు. కొన్ని బుర్రల్లోనే ఉండి, కన్నంలోంచి నోళ్ళు తెరుస్తున్నాయి. కొన్ని బయటికి దొర్లి గడ్డిలో వగరుస్తున్నాయి. ఎండ చుర్రుమంటోంది.

"ఏమైంది?"

"అదిగో," అని గడ్డంతో చూపించింది అయోలా.

ఏటి గట్టు దగ్గర ఒక పెద్ద గోధుమరంగు పక్షి నేలమీద కూర్చుని ఉంది. ఒంటి మీద అక్కడక్కడా తెల్లటి మరకలు. తల కూడా గోధుమరంగే, అది తెల్లబడడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది. రెక్కలు సరిగా ముడుచుకోలేదు. ఒక సొరబుర్ర మీద కాలు వేసి, మెడ వంచి, కన్నంలోకి చూస్తోంది.

"అది గూట్లో పిల్లేనా?"

"అదే. ఇవాళే గూడు దిగింది. రెక్కలొచ్చాయి, వాలడం రాలేదు. సరాసరి వచ్చి అడ్డకర్ర మీద కూలబడింది. ఆ పుచ్చుకర్ర దాన్నెక్కడ మోస్తుంది."

ఎదురుగట్టు మీద, ఎండిన చెట్టు మోడు మీద తెల్లతలలు రెండు కనిపించాయి. అవి కదలడం లేదు. పిల్లనే చూస్తున్నాయి. మధ్యమధ్య ఒకటి కీచుమని పిలుస్తోంది. అంత పెద్ద శరీరంలోంచి అంత సన్నటి గొంతు రావడం వెర్డెల్లాకి ఎప్పుడూ వింతే.

"ఆ బుర్రలో పిల్లలున్నాయా?"

"ఉన్నాయి. అరుపు వినిపిస్తోంది. నేను దగ్గరికి పోతే ముక్కు చాపింది. దాన్ని ముట్టుకుంటే నన్ను జైల్లో పెడతారు, అది నన్ను ముట్టుకుంటే మాత్రం అడిగేవాడు లేడు. ప్రభుత్వం పెంచుతున్న బిడ్డ కదా."

వెర్డెల్లా నవ్వలేదు. తీగ మీద ఆరేసిన తన దుప్పటి లాగి, రెండు చేతులా వెడల్పుగా చాచి పట్టుకుంది. ఒక్కో అడుగు వేస్తూ గట్టు వైపు నడిచింది. పిల్లగద్ద తల ఎత్తింది. కళ్ళు నల్లగా ఉన్నాయి, ముక్కు కూడా ఇంకా నల్లగానే ఉంది. ఆ ముక్కు తెరిచి అలాగే ఉంచింది. నాలుక కనిపించింది. భయపడుతున్నది అదా, తనా అన్నది వెర్డెల్లాకి తేలలేదు. ఆగలేదు. దుప్పటి గాలికి ఉబ్బింది. పక్షి బుర్ర మీదనుంచి కాలు తీసి వెనక్కి గెంతింది. ఇంకోసారి గెంతింది. అప్పటిదాకా పైన తిరుగుతున్న మార్టిన్లు ఒక్కసారిగా దాని మీదికి దూకాయి. నెత్తిన ఒకటి తగిలింది, వీపున ఇంకొకటి. అది రెక్కలు విప్పి గట్టుదాటి, నీళ్ళకి తగిలీ తగలకుండా ఎగిరి, అవతలి గడ్డిలోకి పోయి పడింది. మోడు మీదనుంచి ఒక గద్ద లేచి దాని దగ్గరికి పోయింది.

వెర్డెల్లా బుర్రను చెవి దగ్గర పెట్టుకుంది. లోపల అన్నీ బతికే ఉన్నాయి.

చచ్చినవి లేకపోలేదు. గడ్డిలో ఒకటి, స్తంభం మొదట్లో ఒకటి. అయోలా వాటిని ఆకులో చుట్టి దడి పక్కన పెట్టింది. మిగిలినవాటిని ఇద్దరూ నీడలో కూర్చుని సర్దారు. ఏ పిల్ల ఏ బుర్రదో చెప్పడానికి లేదు. ఈకలు పొడుగ్గా ఉన్నవి ఒకచోట, పొట్టిగా ఉన్నవి ఒకచోట వేసుకుంటూ వచ్చారు.

"ఇది ఇందులోది కాదేమో," అంది వెర్డెల్లా.

"నోరు తెరిస్తే తల్లులు పెట్టిపోతాయి. ఎవరి బిడ్డని ఎవరు లెక్క చూస్తారు."

"నీకెలా తెలుసు?"

"మీ అన్న చెప్పాడు. ఇంకెవరు చెప్తారు నాకు."

పిల్లలు బుర్రల్లోకి చేరాయి కానీ బుర్రలు వేలాడదీయడానికి కర్ర లేదు. విరిగింది మొదలంటా పుచ్చిపోయింది, చేత్తో నలిపితే పొడి రాలింది. పొద్దు వాలేలోగా పైకి ఎత్తకపోతే పిల్లలు తిండిలేక చస్తాయి, లేదంటే పిల్లి పాలవుతాయి. వెర్డెల్లా తన షెడ్డులో వెతికింది. చీపురుకర్ర, పార పిడి. ఏదీ ఆనదు. ఊళ్ళోకి పోయి కొనుక్కురావాలంటే పోటు మొదలై రోడ్డు మునుగుతుంది. ఆమె షెడ్డు బయటికి వచ్చేసరికి అయోలా లేదు.

కాసేపటికి ఆవిడ తన షెడ్డు తలుపు తోసుకుని, దేన్నో నేలమీద ఈడ్చుకుంటూ వచ్చింది. రోస్కో పట్టకారు. కింద ఇనప పళ్ళకి తుప్పు పట్టింది. కర్రలు మాత్రం అతని చేతుల నూనెకి ఇంకా నిగనిగలాడుతున్నాయి.

"దీన్ని కొయ్యి," అంది అయోలా.

వెర్డెల్లా కర్రను చూసింది, ఆవిడ ముఖాన్ని చూసింది. "దీన్నా?"

"వేరే ఏముంది మన దగ్గర? నీళ్ళలో నానినా పుచ్చని కర్ర."

"పోనీ ఇంకేదన్నా చూద్దాం."

"నాకు రంపం పట్టే ఓపిక లేదు వెర్డీ. నువ్వు కొయ్యి. నేను పట్టుకుంటా."

అయోలా కర్ర మీద మోకాలు వేసి నొక్కి పట్టుకుంది. వెర్డెల్లా కోసింది. పొట్టు తేనెరంగులో రాలింది. కొయ్యడం సగంలో ఉండగా అయోలా కాసేపు ఆపమంది. చెట్టుకి చేరగిలబడి, ముక్కుతోనూ నోటితోనూ ఊపిరి పీల్చుకుంది. "వయసు," అంది, వెర్డెల్లా అడగకముందే. మళ్ళీ వచ్చి మోకాలు వేసింది.

నిచ్చెన వేసి తాడు అందుకుని కొత్త అడ్డకర్రకి బిగించారు. బుర్రలు ఒక్కొక్కటే కట్టారు. తాడు ఇద్దరూ పట్టుకుని లాగారు. బరువుకి కర్ర కాస్త వంగి, నిలబడింది. ఇద్దరూ వెనక్కి నడిచి, వెర్డెల్లా ఇంటి వెనక మెట్ల మీద కూర్చున్నారు. మార్టిన్లు పైన తిరిగాయి. కొత్త కర్రను చూసి బెదిరి, దగ్గరికి వచ్చినట్టే వచ్చి పోయాయి. చాలాసేపు అయ్యాక ఒక ఆడపిట్ట, నోట్లో తూనీగతో, కర్ర చివర వాలింది. అటూ ఇటూ చూసి, ఒక బుర్ర కన్నానికి వేలాడి తల లోపలికి పెట్టింది. బయటికి తీసినప్పుడు నోరు ఖాళీగా ఉంది.

"తీసుకుంది," అంది వెర్డెల్లా.

"తీసుకోకేం చేస్తుంది."

ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

"అన్నం తిని పో వదినా," అంది వెర్డెల్లా. ఆ పిలుపు నోట్లోంచి వచ్చాక గానీ తను అన్న సంగతి ఆమెకు తెలియలేదు. అయోలా వినబడనట్టే మోకాళ్ళు పట్టుకుని లేచి, తన ఇంటివైపు వెళ్ళిపోయింది. వెర్డెల్లా పొయ్యి మీద పెనం పెట్టి, చేపముక్కలకి మొక్కజొన్న పిండి పట్టిస్తుండగా, వెనక తలుపు దగ్గర చప్పుడైంది. అయోలా గౌను మార్చుకుంది. రెండు చేతులా గుడ్డతో పట్టుకుని, గాజు పాత్రలో మొక్కజొన్న పుడ్డింగు తెచ్చింది. పైన గోధుమరంగులో తరకకట్టి, అంచుల దగ్గర ఇంకా బుడగలు వస్తున్నాయి.

"పొద్దున కలిపి పెట్టుకున్నాను. ఒక్కదాన్నే తింటే వారం పడుతుంది," అంది.

తిన్నారు. ఉప్పు ఎక్కువైందని అయోలా అంది, కాలేదని వెర్డెల్లా అంది. కిటికీలోంచి మోడు మీద గద్దలు కనిపిస్తున్నాయి. కాస్త కింద కొమ్మ మీద గోధుమరంగు పిల్ల కూడా చేరింది.

"ఆ గద్దలు మొదటి పుల్ల మోసింది నువ్వెప్పుడు చూశావు?" అని అడిగింది అయోలా.

"జనవరి చివర్లో. మంచు కురిసిన మర్నాడు."

"నేను క్రిస్మస్‌కే చూశాను."

"అబద్ధం. క్రిస్మస్‌కి నువ్వు జలుబుతో మంచం దిగలేదు. చర్చికి కూడా రాలేదు."

"మంచం కిటికీ పక్కనే కదా. నేను మంచం దిగలేదని నీకెవరు చెప్పారు?"

వెర్డెల్లా చేపముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టింది. "పొగ రాలేదు మీ గొట్టంలోంచి. మధ్యాహ్నం దాకా చూశాను."

అయోలా తల ఊపింది. ఐసు టీ గ్లాసు చేతుల్లో తిప్పుతూ కూర్చుంది. తర్వాత, ఏదో నిన్నటి సంగతి చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"ఆ పొద్దున కూడా మీ అన్న పిట్టల గురించే అడిగాడు. వచ్చాయా అని. ఇంకా వేళ కాలేదుగా అన్నాను. కిటికీ తియ్యమన్నాడు. చలి లోపలికొస్తుంది, దగ్గు ఎక్కువవుతుంది అంటే వినలేదు. తీశాను. కాసేపు విన్నాడు. వచ్చింది, ఒకటి వచ్చింది అన్నాడు. నాకేం వినిపించలేదు. వెర్డీకి చెప్పు, పని నుంచి రాగానే చెప్పు అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. అలాగే ఉన్నాం చాలాసేపు. ఆ తర్వాత కూడా అలాగే ఉన్నాను నేను. లేవాలనిపించలేదు."

బయట పోటు నీరు గడ్డిలోకి ఎక్కుతున్న చప్పుడు వినబడుతోంది.

"వచ్చిందా నిజంగా?" అంది వెర్డెల్లా.

"మర్నాడు చూశాను. స్తంభం మీద ఒకటే మగపిట్ట. ముందురోజు వచ్చిందో, అప్పుడే వచ్చిందో."

"ముందురోజే వచ్చి ఉంటుంది."

"ఉంటుంది," అంది అయోలా. గ్లాసు కింద పెట్టి, ఇక పడుకుంటానంది. పాత్ర కడిగి ఇస్తానని వెర్డెల్లా అంటే, తొందరేముంది, రేపు ఇవ్వచ్చులే అంది. మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుని ఒకసారి ఆగింది. స్తంభం వైపు చూసి, "వంకరగా కట్టావు," అంది. "పట్టుకుంది నువ్వే," అంది వెర్డెల్లా. ఆవిడ గడ్డిలో నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

తెల్లవారగట్ల మార్టిన్లు పాడుతుండగా వెర్డెల్లా లేచింది. కాఫీ తాగి, గుడ్డలో రొట్టె చుట్టుకుని, కారు ఇంజను వేసింది. మామూలుగా ఈ వేళకి అవతలి వంటింట్లో దీపం వెలిగి ఉంటుంది. తెర అంచు లేచి ఉంటుంది. రెండూ లేవు. అలసిపోయి ఉంటుందనుకుంది. కారు వాకిలి దాటాక ఆపింది. ఇంజను కట్టేసి, దిగి, గడ్డికి అడ్డంపడి వెళ్ళింది. తలుపు గడియ వేసి లేదు.

అయోలా మంచం మీద ఒక పక్కకి తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉంది. దుప్పటి భుజందాకా కప్పుకుంది. కిటికీ తెరిచి ఉంది. వెర్డెల్లా ముందు పేరు పెట్టి పిలిచింది, తర్వాత వదినా అని పిలిచింది. నుదుటి మీద చెయ్యి పెట్టి, తీసేసింది. వంటింట్లోంచి కుర్చీ తెచ్చుకుని మంచం పక్కన కూర్చుంది. ఫోను చెయ్యాల్సిన వాళ్ళు చాలామంది ఉన్నారు. చర్చి పాస్టరు, సాలిస్‌బరీలో అయోలా చెల్లెలు, పీతల షెడ్డు మేస్త్రీ. ఫోను గోడకే ఉంది. ఎండ కిటికీలోంచి మంచం మీదికి ఎక్కేదాకా ఆమె లేవలేదు.

సమాధి భోజనాలు చర్చి కింది గదిలో జరిగాయి. అందరూ తలో వంటకం తెచ్చారు. వేయించిన కోడి, పీత ముద్దలు, చిలగడదుంప బిస్కెట్లు. నెరెయిదా ఇంకో ఇద్దరితో కలిసి వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక గోడపక్కన నిలబడి, చివర్లో గిన్నెలు కడిగి వెళ్ళింది. వెర్డెల్లా అందరితోనూ మామూలుగానే మాట్లాడింది. గద్దపిల్ల పడిన సంగతి ఎవరో అడిగితే చెప్పింది. పట్టకారు సంగతి చెప్పలేదు. మర్నాడు పనికి వెళ్ళింది.

జులై వచ్చేసరికి మార్టిన్ పిల్లలకి రెక్కలొచ్చాయి. కొన్నాళ్ళు తీగల మీద వరసగా కూర్చుని తల్లుల చేత తినిపించుకున్నాయి. తర్వాత ఒక వారంలో ఒక్కొక్క గుంపే దక్షిణానికి పోయింది. ఒక సాయంత్రం వెర్డెల్లా పని నుంచి వచ్చేసరికి పెరట్లో చప్పుడు లేదు. గోధుమరంగు గద్ద మోడు మీద ఉంది, ఇప్పటికి వాలడం నేర్చుకుంది. అయోలా చెల్లెలు వచ్చి ఇంట్లో సామాను సర్దుతోంది. అక్క వస్తువేమన్నా పక్కింటికి చేరిందా అని అడగలేదు, వెర్డెల్లా కూడా చెప్పలేదు.

వెర్డెల్లా ఇంట్లో సింకు పక్కన గిన్నెలు ఆరబెట్టే తీగబుట్టలో పుడ్డింగు తెచ్చిన గాజు పాత్ర బోర్లించి ఉంది. చర్చి విందుల్లో గిన్నెలు కలిసిపోకుండా ఆ ఊళ్ళో అందరూ అడుగున తెల్లటి బట్టపట్టీ అంటించి పేరు రాసుకుంటారు. దాని మీద అయోలా అక్షరాలు నీలంగా, కాస్త వాలుగా ఉన్నాయి. పట్టీ ఒక అంచు నీళ్ళకి నాని లేచింది.